రీల్‌కి రెండు లక్షల వ్యూస్, కొన్నది తొమ్మిది మంది

2024 జూన్ 3న మొదటి రీల్ పెట్టాను. 2025 మార్చి 31 రాత్రి కూర్చుని లెక్క చూసుకున్నాను. ఈ పది నెలల్లో నేను అమ్మింది ఒకే ఒక్క సరుకు: పిల్లలు తెలుగు అక్షరాలు దిద్దుకునే 62 పేజీల పీడీఎఫ్. దాన్ని పట్టుకుని ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్, ఫేస్‌బుక్, వాట్సాప్, పిన్‌టరెస్ట్ అన్నీ తిరిగాను. మొదలుపెట్టే ముందు ఎంత వెతికినా నాకు దొరికినవన్నీ "ఇంట్లో కూర్చుని నెలకి లక్ష" బాపతు వీడియోలే. ఎన్ని రోజులు పట్టింది, ఎంత పోయింది, చివరికి ఎంతమంది కొన్నారు అని చెప్పినవాళ్లు లేరు. అందుకే నా లెక్కలు ఇక్కడ పెడుతున్నాను.

మాది ఖమ్మం. ఎనిమిదేళ్లు ఒక ప్రైవేటు బడిలో ప్రైమరీ పిల్లలకి తెలుగు చెప్పాను. జీతం పద్నాలుగు వేలు. మా అత్తయ్యకి మోకాలి ఆపరేషన్ అయ్యాక ఇంట్లో ఒక మనిషి ఉండక తప్పలేదు, 2024 ఏప్రిల్‌లో మానేశాను. ఆ వేసవి సెలవుల్లో మా పాపకి అక్షరాలు నేర్పడానికి తెల్ల కాగితాల మీద చుక్కలతో అక్షరాలు గీసిపెట్టేదాన్ని. చెయ్యి ఎక్కడ మొదలుపెట్టాలి, ఎటు తిప్పాలి అని బాణం గుర్తులు కూడా. పక్కింటి వాళ్లు జిరాక్స్ తీసుకెళ్లారు. వాళ్ల చుట్టాలు అడిగారు. డాలస్ దగ్గర ఉండే మా వదినకి ఫొటోలు పంపితే, "ఇంత కష్టపడి గీశావు, అమ్ముకోవచ్చు కదా" అంది. అలా ఆ మాట నా తలకెక్కింది.

పీడీఎఫ్ తయారీకి 23 రాత్రులు పట్టింది. నాకు నచ్చిన చుక్కల తెలుగు ఫాంట్ దొరకలేదు, 56 అక్షరాలూ గీసి స్కాన్ చేశాను. డిజైన్ యాప్‌లో దొరికే బొమ్మల్ని అమ్మే సరుకులో పెట్టాలంటే లైసెన్సు షరతులు ఉంటాయి. అవి చదివి తల తిరిగిపోయి, బొమ్మలు కూడా మేమే గీసుకున్నాం. "క"కి ఉన్న కాకి మా పాప గీసిందే. దానికి మూడు కాళ్లున్నాయి. దిద్దబోతే ఏడ్చింది, అలాగే వదిలేశాను. ధర 149 రూపాయలు పెట్టాను.

ఎక్కడ అమ్మాలి అన్న ప్రశ్న నిజానికి నాకు రాలేదు. అందరూ ఇన్‌స్టాలో ఉన్నారు, నేనూ ఇన్‌స్టాలో మొదలుపెట్టాను. ఇప్పుడు తలచుకుంటే, కొట్టు పెట్టేవాడు వీధి చూసుకోకుండా షట్టర్ ఎత్తినట్టు.

రింగ్ లైటు, ఫోను స్టాండు, చొక్కాకి తగిలించుకునే చిన్న మైకు, అన్నీ కలిపి 2,150. ఒక్కో రీల్‌కి మూడు గంటలు. అత్తయ్య పడుకున్నాక, పాప బడికి పోయాక, కుక్కర్ విజిల్స్ లేని సమయం చూసుకుని తీయాలి. మొదటి పదహారు రీల్స్ నా చుట్టాలూ పాత స్టూడెంట్ల తల్లులూ తప్ప ఎవరూ చూడలేదు. జూన్ 29న పదిహేడోది పెట్టాను: "ఋ ఎలా రాయాలి?" అంతే. స్కెచ్ పెన్నుతో మెల్లగా ఋ రాశాను, ఇరవై రెండు సెకన్లు.

మర్నాడు పొద్దున లేచేసరికి నలభై వేల వ్యూస్. మూడో రోజుకి లక్ష. మొత్తం మీద రెండు లక్షల పద్నాలుగు వేలు. ఫోను పక్కన పెడితే పొయ్యి మీద పాలు పెట్టి వచ్చినట్టుండేది, నిమిషానికోసారి వెళ్లి చూసుకోవడమే. మా ఆయన ఆఫీసులో అందరికీ చూపించారట. నేను ఆ రాత్రి ఒక కాగితం మీద లెక్క వేశాను: రెండు లక్షల మందిలో నూటికి ఒక్కరు కొన్నా రెండు వేల మంది, ఇంటూ 149. ఆ కాగితం ఇంకా నా దగ్గరుంది.

"కావాల్సినవాళ్లు పీడీఎఫ్ అని కామెంట్ పెట్టండి" అన్నాను. 643 మంది పెట్టారు. ఇన్‌స్టాలో పోస్టు కింద రాసే లింకు నొక్కితే తెరుచుకోదు, బయోలోనే (మన ప్రొఫైల్ పేజీలో పేరు కింద) పెట్టాలి, లేదా మెసేజ్‌లో పంపాలి. అందరికీ మెసేజ్‌లు పంపుతూ కూర్చున్నాను. మనల్ని ఫాలో కాని వాళ్లకి పంపితే అది రిక్వెస్టుల్లోకి పోతుంది, చాలామంది అటు చూడనే చూడరు. చూసినవాళ్లలో సగం మంది "ఫ్రీ కాదా అక్కా?" అన్నారు. జూలై 15 నాటికి కొన్నవాళ్లు తొమ్మిది మంది. రెండు లక్షల పద్నాలుగు వేలకి తొమ్మిది.

ఏం తప్పు జరిగిందో అర్థం కాలేదు. కామెంట్లో చాలా మెచ్చుకుని, లింకు తెరిచి కూడా కొనని ఒకమ్మాయిని మొహమాటం వదిలేసి అడిగాను. నల్గొండలో డిగ్రీ చదువుతోందట. "రీల్ చాలా బాగుంది అక్కా, నాకు ఋ రాయడం ఇప్పుడే వచ్చింది. కానీ మా ఇంట్లో చిన్న పిల్లలెవరూ లేరు కదా" అంది. ఇంకో నలుగురిని అడిగితే దాదాపు అదే సంగతి. వాళ్లు నా వీడియోని ఎంజాయ్ చేశారు. నా సరుకుతో వాళ్లకి పని లేదు.

డబ్బు తీసుకోవడం అనేది ఇంకో కథ. మొదట్లో మా ఆయన యూపీఐ క్యూఆర్ పెట్టాను. కొనబోయిన ఇద్దరు ముగ్గురు ఆగిపోయి, "ఎవరో మగవాళ్ల పేరు వస్తోంది మేడమ్, ఫ్రాడ్ కాదు కదా?" అని అడిగారు. నిజమే, నేనైనా ఆగిపోయేదాన్ని. నా పేరున ఖాతా ఉంది గానీ దానికి పాత ఫోను నంబరు లింకై ఉంది. బ్యాంకుకి రెండుసార్లు తిరిగి మార్పించుకున్నాను, ఎనిమిది రోజులు. జూలై చివర్లో ఒకరు స్క్రీన్‌షాట్ పంపితే ఫైలు పంపేశాను. సాయంత్రం చూస్తే ఖాతాలో ఏమీ పడలేదు. ఆ స్క్రీన్‌షాట్ ఎడిట్ చేసినది. తేదీ పక్కన అంకెలు కొంచెం లావుగా ఉన్నాయి, నేను చూసుకోలేదు. పోయింది 149 రూపాయలే అయినా ఆ రాత్రి అన్నం సహించలేదు. అప్పటినుంచి బ్యాంకు మెసేజ్ వస్తేనే ఫైలు.

ఇలా కాదని ఒక పేమెంట్ గేట్‌వేకి అప్లై చేశాను. డబ్బు పడగానే ఫైలు దానంతట అదే వెళ్తుంది, నేను నిద్రపోతున్నా సరే. పాన్, ఆధార్, బ్యాంకు వివరాలు ఇచ్చాను. పదకొండు రోజుల తర్వాత రిజెక్ట్ అని మెయిల్. కారణం: వెబ్‌సైటులో రిఫండ్ పాలసీ, షరతులు, కాంటాక్ట్ పేజీలు లేవు. వెబ్‌సైటే లేదు, పేజీలెక్కడివి! మా మరిది కూర్చుని ఒక చిన్న సైటు చేసిపెట్టాడు, డొమైన్‌తో కలిపి 2,600 అయింది. మళ్లీ అప్లై చేస్తే ఐదు రోజుల్లో వచ్చింది. అమ్మకంలో రెండు శాతం వాళ్లకి, ఆ రెండు శాతం మీద 18 శాతం జీఎస్టీ. డబ్బు ఖాతాలో పడటానికి రెండు పనిదినాలు. మీరు మొదలుపెడుతుంటే ఆ మూడు పేజీలు ముందే రాసి పెట్టుకోండి, నా పదకొండు రోజులు మీకు మిగులుతాయి.

ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం. గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు. ఆ రోజు అందరి స్టేటస్సుల్లోనూ "తేట తేట తెలుగు" పోస్టులే కదా, ఇంతకన్నా మంచి రోజు ఉండదని 27 నుంచి మూడు రోజులు ఒక రీల్‌ని బూస్ట్ చేశాను, అంటే ఇన్‌స్టాకి డబ్బు కట్టి ఎక్కువ మందికి చూపించాను. 2,400 పెట్టాను, జీఎస్టీతో 2,832 కట్ అయింది. ఎవరికి చూపించాలి అన్న దగ్గర వయసు 18 నుంచి అని వదిలేశాను, అది నా తెలివితక్కువ. లైకులు వర్షం కురిసినట్టు వచ్చాయి. "జై తెలుగు తల్లి" అని కామెంట్లు. అమ్మినవి మూడు. 2,832 పెట్టి 447 తెచ్చుకున్నాను. భాష మీద అభిమానం వేరు, ఆదివారం పూట పిల్లాణ్ణి పట్టుకుని కూర్చోబెట్టి దిద్దించడం వేరు.

యూట్యూబ్ గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు. జూలై నుంచి సెప్టెంబరు దాకా పదకొండు వీడియోలు పెట్టాను. అక్కడ వీడియో కింద లింకు పెట్టొచ్చు, నొక్కితే తెరుచుకుంటుంది, కానీ షార్ట్స్ కింద పెడితే తెరుచుకోదు. పెద్ద వీడియోలు నిజంగానే పిల్లలు చూశారు. చూసింది టీవీలో! ఎనలిటిక్స్‌లో సగానికి పైగా టీవీ అని కనిపించినప్పుడు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. టీవీ ముందు కూర్చున్న నాలుగేళ్ల పిల్లవాడు నా లింకు నొక్కి 149 కడతాడా? వీడియో మధ్యలో "అమ్మను పిలువు, ఈ క్యూఆర్ చూపించు" అని పెట్టి చూశాను. దానికి ఓ నలుగురు వచ్చారు. పది నెలల మొత్తానికి యూట్యూబ్ నుంచి 14.

అసలు కళ్లు తెరిపించింది వైరా రోడ్డులో ఒక జిరాక్స్ షాపు.

సెప్టెంబరు 2. మా వీధిలో ఒకావిడ పీడీఎఫ్ కొంది. "ప్రింట్ తీయించుకోవడం నాకు తెలియదమ్మా, తోడు రా" అంటే వెళ్లాను. కుర్రాడు ఫైలు తెరిచి, పేజీలు లెక్కపెట్టి, "కలర్ పది, బ్లాక్ అండ్ వైట్ రెండు. కలరైతే ఆరువందల ఇరవై అవుద్ది మేడమ్" అన్నాడు. ఆవిడ నా ముఖం చూసింది. బ్లాక్ అండ్ వైట్‌లో ఒక పేజీ తీయించాం. నేను ముచ్చటపడి వేసిన లేత పసుపు రంగు బూడిద రంగులోకి వచ్చి చుక్కలు కనిపించడం లేదు. కుర్రాడు జాలిగా, "పక్క షాపులో కాపీ పుస్తకం యాభై రూపాయలే కదా ఆంటీ, పిల్లలకి అది చాలదా" అన్నాడు. నేనే ఆ పీడీఎఫ్ చేశానని వాడికి తెలియదు.

ఆవిడకి 149 వెనక్కి ఇచ్చేశాను. పక్క షాపులో కాపీ పుస్తకం నేనే కొనిచ్చాను. నడుచుకుంటూ ఇంటికి వస్తుంటే మొదటిసారి లెక్క సరిగ్గా కనిపించింది. మా ఊళ్లో నా పీడీఎఫ్ ధర 149 కాదు, దాదాపు 770. పక్కనే యాభైకి అదే పని చేసే పుస్తకం దొరుకుతోంది. అంటే ఎవరు కొంటారు? కాపీ పుస్తకం దొరకని చోట ఉండి, ఇంట్లో ప్రింటర్ ఉన్నవాళ్లు.

ఆ రాత్రే వదినకి ఫోన్ చేశాను. "వదినా, మీ వైపు అక్షరాలు దిద్దే పుస్తకం దొరుకుతుందా?" అంటే, "ఇండియన్ స్టోర్‌లో గోంగూర పచ్చడి దొరుకుతుంది, అప్పడాలు దొరుకుతాయి, అది మాత్రం నేనెక్కడా చూడలేదు" అంది. వారాంతపు తెలుగు బడిలో పుస్తకం ఇస్తారు గానీ ఒకసారి దిద్దేస్తే అయిపోతుంది, మళ్లీ మళ్లీ దిద్దించడానికి కాగితాలు కావాలని చెప్పింది. "మరి నాకు ఈ మాట జూన్‌లో ఎందుకు చెప్పలేదు?" అన్నాను. "నువ్వు ఇన్‌స్టాలో ఫేమస్ అయ్యావు కదా, నీకు తెలుసనుకున్నా" అంది.

అక్కడి తల్లులు ఎక్కడ మాట్లాడుకుంటారు అని అడిగితే ఫేస్‌బుక్ గ్రూపుల పేర్లు చెప్పింది. నేను ఫేస్‌బుక్ అంటే మా పెద్దనాన్న గుడ్ మార్నింగ్ పూలు పెట్టే చోటు అనుకుంటూ ఉన్నాను. ఒక తల్లిదండ్రుల గ్రూపులో చేరడానికి మూడు ప్రశ్నలకి జవాబులు రాసి, ఆరు రోజులు ఆగాల్సి వచ్చింది. అమ్మకం పోస్టులు శనివారం మాత్రమే పెట్టాలని రూలు. రెండు వారాలు ఏమీ పెట్టకుండా ఊరికే చదివాను. "మావాడు మాట్లాడతాడు గానీ చదవలేడు", "అమ్మమ్మ వచ్చినప్పుడు నేర్పింది, ఆమె వెళ్లగానే మర్చిపోయింది" లాంటివి రోజూ కనిపించేవి. ఒకరిద్దరికి డౌట్లు తీర్చాను. ణ, న ఎక్కడ ఏది రాయాలి లాంటివి. ఎనిమిదేళ్లు చెప్పిన పాఠమే.

సెప్టెంబరు 28, శనివారం, రాత్రి ఎనిమిదిన్నర. టెక్సాస్‌లో పొద్దున పది. నాలుగు పేజీలు ఉచితంగా పెట్టి, మొత్తం కావాలంటే ఐదు డాలర్లు అని రాశాను. మూడు కాళ్ల కాకి ఉన్న పేజీ కూడా పెట్టాను. పోస్టు వేసి దోశల పిండి రుబ్బడానికి వెళ్లాను. గ్రైండర్ చప్పుడులో ఫోను వినపడలేదు. వచ్చి చూస్తే పదకొండు మెసేజ్‌లు.

మొదటి మెసేజ్: "జెల్ ఉందా అండీ, లేక వెన్మోనా?" అవేమిటో నాకు తెలియదు. అవి అక్కడి బ్యాంకు ఖాతాలున్నవాళ్లకి పనికొచ్చేవి, నేను తీసుకోలేను. ఇండియాలో ఖాతా ఉన్నవాళ్లు ఇద్దరు యూపీఐ చేశారు. మిగతావాళ్లకి ఏం చెప్పాలి? ఆ గేట్‌వేలో విదేశీ కార్డులు తీసుకోవాలంటే మళ్లీ వేరే అప్లికేషను. చేతులు వణికాయి, నిజంగా. వదినకి ఫోన్ చేశాను. "నాకు జెల్ చేయమను, నేను నీకు చెప్తుంటాను" అంది. అలా ఆవిడ డాలస్‌లో పేర్లు చదువుతుంటే నేను ఖమ్మంలో ఫైళ్లు పంపుతూ తెల్లవారుజామున మూడింటి దాకా కూర్చున్నాం. ఆదివారం సాయంత్రానికి 31 మంది. నాలుగు నెలల ఇన్‌స్టా కంటే ఎక్కువ. ఆ డాలర్లలో కొంత దసరాకి ఆవిడ చీరల లెక్కలో చెల్లిపోయింది, మిగతాది అన్నయ్య పంపాడు. ఇది ఎప్పటికీ నడిపే పద్ధతి కాదని మా ఇద్దరికీ తెలుసు.

సోమవారమే పేపాల్ ఖాతాకి అప్లై చేశాను, విదేశాల నుంచి డబ్బు తీసుకోవడానికి. పాన్ కావాలి, ఏ పని మీద డబ్బు వస్తోందో ఒక కోడ్ ఎంచుకోవాలి. బ్యాంకు ఖాతాలో వాళ్లు వేసే రెండు చిల్లర మొత్తాలు చూసి చెప్పాలి. నాలుగు రోజులు పట్టింది. ఐదు డాలర్లలో ఫీజూ, డాలర్ని రూపాయి చేసేటప్పుడు తగ్గేదీ పోను నా చేతికి వచ్చేది రమారమి 360. మొదట్లో బాధనిపించింది గానీ, 149 అమ్మకం కంటే రెట్టింపు ఎక్కువే కదా. జీఎస్టీ గురించి భయపడ్డాను. మాకు తెలిసిన ఆడిటర్ ఒకాయన ఇరవై లక్షల లోపు ఈ రకం పనికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, ఇన్‌కమ్ టాక్స్‌లో మాత్రం చూపించమ్మా అన్నారు.

ఆ వారాంతం సంతోషం పూర్తిగా రెండు రోజులు కూడా నిలవలేదు. సోమవారం పొద్దున ఒక తల్లి ఫొటో పంపింది. ప్రింట్ తీసిన పేజీలో అడుగున ఉండాల్సిన చివరి వరుస లేదు. "ళ" తోక తెగిపోయి సగం అక్షరం మిగిలింది. తర్వాత ఇంకొకరు. ఇంకొకరు. మన ఏ4 కాగితం పొడవు 297 మిల్లీమీటర్లు. అమెరికాలో ఇళ్లలో వాడేది లెటర్ సైజు, 279. పద్దెనిమిది మిల్లీమీటర్లు! నా చివరి వరుస సరిగ్గా అక్కడే ఉంది. ప్రింట్ చేసేటప్పుడు "ఫిట్" అని పెడితే సరిపోతుందని చెప్పాను గానీ అప్పుడు అక్షరాలు చిన్నవై పక్కల ఖాళీలు వస్తున్నాయి. డబ్బులు వెనక్కి ఇస్తానంటే ఒక్కరే తీసుకున్నారు. నాలుగు రాత్రులు కూర్చుని 62 పేజీలూ లెటర్ సైజుకి మళ్లీ సర్ది అందరికీ పంపాను. ఒకావిడ, "మీరు మళ్లీ పంపుతారని అనుకోలేదండీ" అని గ్రూపులో రాసింది. ఆ ఒక్క మాటకి తర్వాతి శనివారం 12 వచ్చాయి. "మనబడి పాఠాల వరుసలో ఉంటాయా?" అని చాలామంది అడిగారు. మనబడి అంటే అక్కడి పిల్లలకి తెలుగు నేర్పే బడి. ఉండవని ఉన్నదున్నట్టు చెప్పాను. చెప్పినా కొన్నారు.

జిరాక్స్ షాపు కుర్రాడి మాట మాత్రం మనసులోంచి పోలేదు. అక్టోబరులో రంగులన్నీ తీసేసి, పేజీకి మూడేసి అక్షరాలతో ఇరవై పేజీల బ్లాక్ అండ్ వైట్ ఫైలు ఇంకొకటి చేశాను. 79 రూపాయలు. ప్రింట్‌కి నలభై. నా పాత సహోద్యోగి ఒకామె దాన్ని టీచర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. టీచర్లకి కాపీ పుస్తకం పనికిరాదు, క్లాసు మొత్తానికి ఒకే పేజీ నలభై కాపీలు కావాలి. ఈ సంగతి టీచర్నైన నాకే తట్టలేదు. "బడి మొత్తం వాడుకోవచ్చా మేడమ్?" అని అడుగుతుంటే బడికి 799 అని ఒక ధర పెట్టాను. ఆరు బడులు తీసుకున్నాయి.

వాట్సాప్ బిజినెస్ యాప్ ఉచితమే. "డబ్బు రావాలి", "పంపేశాను" అని లేబుల్స్ పెట్టుకుంటే గందరగోళం తగ్గింది. ఒకే మెసేజ్ అందరికీ విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మంది దాకా పెట్టుకోవచ్చు, కానీ మన నంబరు వాళ్ల ఫోనులో సేవ్ అయి ఉంటేనే మెసేజ్ చేరుతుంది. నేను దీపావళికి అందరికీ పంపానని మురిసిపోయాను. చేరింది సగం మందికి కూడా కాదు. ఇప్పుడు ఫైలు పంపేటప్పుడే నంబరు సేవ్ చేసుకోమని అడుగుతున్నాను.

వాట్సాప్‌లో ఫైలు పంపడం ఎంత సులువో, అది చేతులు మారడం కూడా అంత సులువు. డిసెంబరు 11న నా దగ్గర కొన్న ఒకమ్మాయి ఒక లింకు పంపి "అక్కా, ఇది మీదే కదా?" అంది. ఉచిత పీడీఎఫ్‌లు పంచే ఒక ఛానల్. నా 62 పేజీలు. నా పేరున్న చివరి పేజీ తీసేశారు, కాకి అలాగే ఉంది. పద్దెనిమిది వందల మందికి పైగా చూసినట్టు అంకె కనిపిస్తోంది. పాప గీసిన బొమ్మ అలా ఎవరిదో అయిపోయి ఉంటే కడుపులో తిప్పింది. ఏడ్చాను. మా ఆయన "పోనీలే, పిల్లలే కదా నేర్చుకునేది" అంటే ఆయన మీద అరిచాను. ఫిర్యాదు పంపాను, తొమ్మిది రోజులకి అది పోయింది. ఇంకెక్కడెక్కడ ఉందో ఎవరికి తెలుసు.

ఇందులో ఒక తమాషా. వాళ్లు పెట్టింది పాత ఫైలు. అందులో "ఢ" పేజీలో ఒక బాణం గుర్తు తప్పు, నేను ఆగస్టులోనే సరిచేశాను. అది దింపుకున్న ఒకాయన మొదటి పేజీలో ఉన్న నా ఇన్‌స్టా పేరు పట్టుకుని వచ్చి, "మీ పీడీఎఫ్‌లో ఢ తప్పుంది, సరిచేసింది పంపండి" అని దబాయించాడు. ఎక్కడ కొన్నారండీ అని అడిగాను. కాసేపు మౌనం. పది నిమిషాల తర్వాత 149 పడింది. అప్పటినుంచి కొన్నవాళ్ల పేరు ప్రతి పేజీ అడుగునా సన్నగా వేసి పంపుతున్నాను. ఒక్కో ఫైలుకి రెండు నిమిషాలు.

పిన్‌టరెస్ట్ సంగతి జనవరిలో వదినే చెప్పింది. మా ఊళ్లో అది బ్లౌజు డిజైన్లు, మెహందీ చూసుకునే చోటు. అమెరికాలో మాత్రం పిల్లల వర్క్‌షీట్లు కావాలంటే అందులో వెతుకుతారట. మంచి సంగతేమిటంటే ప్రతి బొమ్మకీ మన లింకు తగిలించొచ్చు, నొక్కితే నేరుగా సైటుకి వస్తారు. ముప్పై పిన్‌లు (అందులో పెట్టే బొమ్మల్ని అలా అంటారు) చేశాను. పేర్లన్నీ చక్కగా తెలుగులో పెట్టాను. ఏడు వారాలు ఒక్క అమ్మకం లేదు, వదిలేద్దామనుకున్నాను. అప్పుడు బుర్రకి తట్టింది: ఇంట్లో తెలుగే మాట్లాడే తల్లి కూడా వెతికేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లోనే టైపు చేస్తుంది. పేర్లన్నీ ఇంగ్లీషు లిపిలోకి మార్చాను. మార్చి మొదటి వారంలో మొదటి ఆర్డర్ వచ్చింది, న్యూజెర్సీ నుంచి. నెలాఖరుకి 36. వీటికోసం ఆ నెలంతా నేను కొత్తగా ఒక్క పిన్ కూడా చేయలేదు. జనవరిలో చేసిన పిన్‌లే తెచ్చాయి.

మార్చి 31 లెక్క ఇది. ఫేస్‌బుక్ గ్రూపులు 96, వాట్సాప్ 47, పిన్‌టరెస్ట్ 36, ఇన్‌స్టా 21, యూట్యూబ్ 14. మొత్తం 214. చేతికి వచ్చింది 61 వేల చిల్లర. లైటు, బూస్టు, సైటు, యాప్ చందా, ప్రింటర్ ఇంకు అన్నీ కలిపి ఖర్చు 14,300. మిగిలింది నెలకి సగటున 4,700 దాకా. నా బడి జీతంలో మూడో వంతు. మా అమ్మ "దీనికా ఇంత తెల్లవార్లూ?" అంది. సమాధానం చెప్పలేదు. ఆ డబ్బులో ఎక్కువ భాగం సెప్టెంబరు తర్వాత వచ్చిందే అని చెప్పినా ఆవిడకి ఎక్కదు.

ఇన్‌స్టా మూసేయలేదు. ఎవరైనా "ఈవిడెవరు?" అని అనుమానపడితే వెళ్లి చూసుకోవడానికి ఆ ఋ రీల్ పనికొస్తోంది. కొత్త రీల్స్ తీయడం మానేశాను. రింగ్ లైటు ఇప్పుడు అత్తయ్య మాత్రల చీటీ చదువుకోవడానికి వాడుతున్నారు.

గుణింతాల పీడీఎఫ్ చేస్తున్నాను. ఈసారి లెటర్ సైజులో మొదలుపెట్టాను, ఏ4 తర్వాత. "కి" దాకా వచ్చాను. కాకి మళ్లీ గీస్తానంటోంది మా పాప. ఈసారి రెండు కాళ్లే వేస్తుందట, కానీ ముందు డబ్బులెంత ఇస్తావని అడుగుతోంది.